మూడేళ్ల బాబుకి మోకాళ్లు తాకుతున్నాయి, పాదాలు చదునుగా ఉన్నాయి: ప్రత్యేక బూట్లు వేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో మళ్లీ చెప్తాను. బాబుకి మూడేళ్లు దాటాయి. నిలబడితే మోకాళ్లు రెండూ తాకుతున్నాయి, చీలమండలు మాత్రం దగ్గరకి రావడం లేదు. అరికాలు మొత్తం నేలకి ఆనుతోంది, వంపు కనబడడం లేదు. పరిగెత్తేటప్పుడు పాదాలు కాస్త లోపలికి తిరుగుతున్నాయి, ఆటలో తరచు పడుతున్నాడు. నొప్పి అని మాత్రం ఎప్పుడూ అనలేదు. చూసినవాళ్లలో ఒకరు లోపల ఆర్చ్ (అరికాలి వంపుని ఎత్తి పట్టే ముక్క) ఉన్న గట్టి బూట్లు వేయించమన్నారు, ఇంకొకరు మరీ తొందరగా నిలబెట్టడం వల్లే ఇలా అయిందన్నారు. ఇప్పుడు ఏమీ చేయకపోతే కాళ్లు ఇలాగే ఉండిపోతాయేమోనని మీ టెన్షన్.

నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని. చాలా ఏళ్లుగా నా పనిలో ఎక్కువ భాగం చిన్నపిల్లల నడక చూడడమే. మీరు రాసినదాన్ని బట్టి బాబుకి ప్రత్యేక బూట్లు గానీ, సోల్స్ గానీ, కాళ్లకి పట్టీలు గానీ అక్కర్లేదు. మీరు చెప్పినవన్నీ ఆ వయసు పిల్లల్లో మామూలుగా కనిపించేవే. వాటిలో మీ వల్ల జరిగింది కూడా ఏదీ లేదు. అయితే నేను బాబుని కళ్లారా చూడలేదు. అందుకని ఇంట్లో మీరే చూసుకోగలిగినవి కొన్ని, వెంటనే డాక్టరుకి చూపించవలసినవి కొన్ని కింద రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి, పైన చెప్పిన ఒక్క మాట పట్టుకుని ఆగిపోవద్దు.

మోకాళ్లు ఎందుకు తాకుతున్నాయి

పుట్టిన బిడ్డవి దొడ్డికాళ్లు, అంటే మోకాళ్లు ఎడంగా బయటికి వంగి ఉంటాయి. కడుపులో ఉన్నంతకాలం కాళ్లు మడుచుకునే ఉంటాయి కాబట్టి బయటికి వచ్చాక కూడా ఆ వంపు ఉంటుంది. తప్పటడుగులు వేసే వయసులో అది ఇంకా బాగా తెలుస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య కాళ్లు నిటారు అవుతాయి. అక్కడితో ఆగిపోతాయని అందరూ అనుకుంటారు, ఆగవు. ఆ మార్పు అలాగే ముందుకు సాగి మోకాళ్లు లోపలికి వస్తాయి, చీలమండలు ఎడంగా జరుగుతాయి. మూడు, నాలుగేళ్ల వయసులో ఇది అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ ఏడు, ఎనిమిదేళ్లకి పెద్దవాళ్ల కాళ్ల తీరుకి వస్తుంది. పెద్దవాళ్ల కాళ్లు కూడా గీత గీసినట్టు నిటారుగా ఉండవు, మోకాలి దగ్గర కొద్ది డిగ్రీలు లోపలికే ఉంటాయి.

ఇది ఎవరో అంచనాగా చెప్పిన మాట కాదు. ఫిన్లాండ్‌కి చెందిన సలేనియస్, వాంకా అనే వైద్యులు రకరకాల వయసుల పిల్లల కాళ్ల కోణాలు కొలిచి 1975లో ప్రచురించారు. వాళ్లు గీసిన గ్రాఫ్‌నే ఇప్పటికీ పిల్లల ఎముకల వైద్యులు ఆధారంగా తీసుకుంటారు. మీ బాబు ఇప్పుడు ఆ గ్రాఫ్‌లో మోకాళ్లు బాగా లోపలికి ఉండే చోట ఉన్నాడు.

చాలామంది తల్లిదండ్రులు ఏడాది వయసులో తీసిన ఫొటో, ఇప్పటి ఫొటో పక్కపక్కన పెట్టి చూపిస్తారు. "అప్పుడు అటు వంగి ఉన్నాయి, ఇప్పుడు ఇటు వంగాయి, ఇందులో ఏదో తేడా ఉంది మేడమ్" అంటారు. నాకైతే ఆ రెండు ఫొటోలు చూడగానే సగం భయం తీరిపోతుంది. కాళ్లు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మారాయంటే ఎదుగుదల సరైన దారిలో ఉందనే అర్థం. రెండేళ్లకి ఉన్న వంపు రెండున్నరకి ఇంకా ఎక్కువైతే నేను కంగారు పడతాను.

ఇంట్లో కొలిచే పద్ధతి చెప్తాను. బాబుని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు చాపించండి. మోకాలి చిప్పలు రెండూ నేరుగా పైకప్పుని చూస్తున్నట్టు ఉండాలి. ఇది ముఖ్యం, చిప్పలు పక్కకి తిరిగి ఉంటే కొలత తప్పు వస్తుంది. మోకాళ్లు మెత్తగా తాకేంతవరకు దగ్గరకి తెచ్చి, చీలమండల లోపలి ఎముకల మధ్య దూరం స్కేలుతో చూడండి. 8 సెంటీమీటర్ల లోపు ఉండి, రెండు కాళ్లూ ఒకేలా ఉంటే వేచి చూడవచ్చు. అంతకంటే ఎక్కువ ఉంటే డాక్టరుకి చూపించండి. దొడ్డికాళ్లున్న చిన్న పిల్లల్లో దీనికి తిరగేసి కొలుస్తాం. చీలమండలు కలిపి మోకాళ్ల మధ్య దూరం చూస్తాం, అక్కడ 6 సెంటీమీటర్లు దాటితే చూపించుకోవాలి.

పాదాలు లోపలికి తిరగడం

దీనికి కారణం మూడు చోట్లలో ఎక్కడైనా ఉండొచ్చు: పాదంలో, మోకాలి కింది ఎముకలో, తొడ ఎముకలో. ఎక్కడుందో కనిపెట్టడం అంత కష్టం కాదు. బాబు మీ వైపు నడిచి వస్తున్నప్పుడు పాదాల్ని వదిలేసి మోకాలి చిప్పల్ని గమనించండి. చిప్పలు కూడా ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు లోపలికి తిరిగి ఉంటే తిరుగుడు తొడ ఎముకలో ఉంది. చిప్పలు నేరుగా ముందుకే ఉండి పాదాలు మాత్రం లోపలికి ఉంటే అది మోకాలి కింది ఎముకలో ఉంది. అరికాలిని వెనక నుంచి చూసినప్పుడు పాదమే ముందు భాగంలో లోపలికి వంగి ఉంటే పాదంలో ఉంది. పాదంలోది పసిపిల్లల్లో ఎక్కువ, చాలామందికి ఏడాది నిండేలోపే సర్దుకుంటుంది. మోకాలి కిందిది నడక నేర్చే వయసులో తెలుస్తుంది, నాలుగైదేళ్లకి పోతుంది. తొడ ఎముకది మూడు నుంచి ఆరేళ్ల మధ్య బాగా కనబడుతుంది.

ఈ చివరిదాని గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మీ బాబుది ఇదే అయ్యుండొచ్చు. పుట్టినప్పుడు తొడ ఎముక పై భాగం ముందువైపుకి దాదాపు 40 డిగ్రీలు తిరిగి ఉంటుంది. పెద్దయ్యాక అది 15 డిగ్రీల దగ్గరికి వస్తుంది. ఈ మార్పు ఎనిమిది, పదేళ్ల దాకా నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది. ఒకప్పుడు రెండు బూట్ల మధ్య ఇనుప కడ్డీ బిగించేవాళ్లు, నడుము నుంచి పాదాల దాకా మెలితిప్పిన తీగలు కట్టేవాళ్లు. అవి ఈ ఎముక తిరుగుడుని ఏమాత్రం మార్చలేదని తేలాక మానేశారు. పిల్లలు మాత్రం వాటితో పడుకోలేక, ఆడుకోలేక ఊరికే ఇబ్బంది పడ్డారు.

ఇలాంటి పిల్లలు మోకాళ్లు ముందుకి పెట్టి పాదాలు చెరోపక్కకి వేసుకుని కూర్చుంటారు. అలా కూర్చుంటే కాళ్లు పాడైపోతాయని ప్రతిసారీ గదమాయించే ఇళ్లు చూశాను. వాళ్ల తుంటి కీలు అటువైపు సులువుగా తిరుగుతుంది కాబట్టే అలా కూర్చుంటున్నారు, కూర్చోవడం వల్ల తిరగడం లేదు. ఎప్పుడూ అదొక్క భంగిమలోనే ఉంటే వేరేలా కూర్చోమని ఆటలో భాగంగా చెప్పండి, అంతకు మించి పిల్లాడిని విసిగించక్కర్లేదు.

అరికాలి వంపు

అసలు ప్రశ్న ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పెద్దవాళ్ల ఒక్కో పాదంలో 26 ఎముకలుంటాయి. పసిబిడ్డ పాదంలో వాటిలో చాలా భాగం ఇంకా మెత్తటి మృదులాస్థే. వంపుకి పైన తాళంలా కూర్చునే నావిక్యులర్ అనే ఎముక చాలామంది పిల్లల్లో రెండేళ్లు దాటాకగానీ ఎక్స్‌రేలో కనిపించదు. కీళ్లని పట్టి ఉంచే లిగమెంట్లు వదులుగా ఉంటాయి. వీటన్నిటికీ తోడు అరికాలి లోపలి అంచున కొవ్వు మెత్తలా నిండి ఉంటుంది. అంటే వంపు కొంత ఇంకా తయారుకాలేదు, తయారైనంత వరకు కొవ్వు చాటున ఉంది. పదేళ్లలోపు ఇది మెల్లమెల్లగా బయటపడుతుంది.

2006లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు 835 మందిని చూశారు. మూడేళ్ల వాళ్లలో 54 శాతానికి, ఆరేళ్ల వాళ్లలో 24 శాతానికి పాదాలు చదునుగా ఉన్నాయి. నిజంగా జబ్బు అనదగ్గ చదును పాదం ఒక శాతం కంటే తక్కువమందిలోనే ఉంది. అంటే మీ బాబు వయసు పిల్లల్ని వరసగా నిలబెడితే సగానికి పైగా అతనిలాగే ఉంటారు.

మీ బాబు పాదం ఏ రకమో తెలుసుకోవడానికి ఒక పని చేయండి. ఏదైనా ఇష్టమైన బొమ్మ కాస్త ఎత్తులో పట్టుకుని, మునివేళ్ల మీద లేచి అందుకోమనండి. మీరు వెనక నేల మీద కూర్చుని చూడండి. మామూలుగా నిలబడ్డప్పుడు అతని మడమలు బయటివైపుకి ఒరిగి ఉంటాయి. మునివేళ్ల మీద లేవగానే రెండు మడమలూ లోపలివైపుకి తిరుగుతాయి, అప్పటిదాకా లేని వంపు అరికాలి కింద లేచి కనబడుతుంది. నిలబడి ఉన్నప్పుడు బొటనవేలు ఒక్కటీ మీ చేత్తో పైకెత్తినా అదే వంపు వస్తుంది. బాబు కూర్చుని కాళ్లు వేలాడేస్తే కూడా వస్తుంది. ఇలా వస్తే పాదం మెత్తగా, సరిగ్గా పనిచేస్తోందని అర్థం. వంపు ఎప్పుడూ ఉండాలని లేదు, అవసరమైనప్పుడు వస్తోందా లేదా అన్నదే చూడాలి.

మునివేళ్ల మీద లేచినా వంపు రాకపోతే, మడమ కదలకుండా గట్టిగా ఉంటే అది వేరే సంగతి. నా దగ్గరికి వచ్చిన ఒక పదకొండేళ్ల అబ్బాయికి మాటిమాటికీ చీలమండ బెణుకుతుండేది. చిన్నప్పటి నుంచీ చదును పాదాలే కదా అని ఇంట్లో పట్టించుకోలేదు. పాదాన్ని చేత్తో అటూ ఇటూ ఆడించబోతే మడమ దగ్గర కదలికే లేదు. విడివిడిగా ఉండాల్సిన రెండు ఎముకలు కలిసి పెరిగాయని స్కాన్‌లో తేలింది. ఇలాంటివి సాధారణంగా ఎనిమిదేళ్లు దాటాక నొప్పితో బయటపడతాయి. మీ బాబు వయసులో చేయవలసిందల్లా ఆ మునివేళ్ల పరీక్షే.

మరి బూట్ల సంగతి

1741లో నికొలా ఆంద్రీ అనే ఫ్రెంచి వైద్యుడు పిల్లల శరీర లోపాల గురించి రాస్తూ, వంకర మొక్కని గుంజకి కట్టినట్టు ఒక బొమ్మ వేయించాడు. ఇప్పటికీ చాలా దేశాల్లో ఎముకల వైద్యుల సంఘాలకి అదే గుర్తు. తల్లిదండ్రుల మనసులో కూడా ఆ బొమ్మే ఉంటుంది: ఇప్పుడు కట్టకపోతే వంకర గట్టిపడిపోతుందని. విరిగిన ఎముకకి, పుట్టుకతోనే పాదం లోపలికి మెలితిరిగి ఉండే క్లబ్ ఫుట్‌కి కట్టు కట్టడం అవసరమే. మెత్తటి చదును పాదానికి మాత్రం ఆ లెక్క వర్తించదు.

దీన్ని నేరుగా పరీక్షించి చూశారు. వెంగర్, ఆయన సహచరులు 1989లో ప్రచురించిన పరిశోధనలో చదును పాదాలున్న చిన్నపిల్లల్ని గుంపులుగా చేశారు. కొందరికి మామూలు బూట్లు, కొందరికి ప్రత్యేకంగా చేయించిన బూట్లు, ఇంకొందరికి లోపల సపోర్ట్ సోల్స్. మూడేళ్లు ఇలా వాడించి ఎక్స్‌రేలు తీసి చూస్తే అన్ని గుంపుల్లోనూ పాదాలు మెరుగయ్యాయి, గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. బూట్లు వేసినవాళ్ల తల్లిదండ్రులు బూట్ల వల్ల బాగైందనే అనుకుని ఉంటారు. వయసు చేసిన పనికి బూట్లకి పేరు వచ్చిందన్నమాట. మీకు సలహా ఇచ్చినవాళ్లు కూడా అబద్ధం చెప్పలేదు. వాళ్ల పిల్లలకి నిజంగానే తగ్గి ఉంటుంది, వేయకపోయినా తగ్గేది.

దీనికంటే నాకు ముఖ్యంగా అనిపించేది 1992లో రావ్, జోసెఫ్ ప్రచురించిన పరిశీలన. భారతదేశంలో 4 నుంచి 13 ఏళ్ల మధ్య పిల్లలు 2300 మంది పాదముద్రలు తీసుకున్నారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతానికి చదును పాదాలుంటే, వట్టి కాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతానికే ఉన్నాయి. ముందువైపు పూర్తిగా మూసి ఉండే బూట్లు వాడేవాళ్లలో ఎక్కువగా, సాండల్స్, స్లిప్పర్లు వాడేవాళ్లలో తక్కువగా కనబడింది. అది ఒక్కసారి తీసిన లెక్క కాబట్టి బూట్ల వల్లే ఇలా జరిగిందని పూర్తిగా తేల్చి చెప్పలేం. కానీ గట్టి బూటు పాదాన్ని తీర్చిదిద్దుతుందన్న నమ్మకానికి అది ఏమాత్రం బలం ఇవ్వదు.

పాదంలో చిన్న చిన్న కండరాలు చాలా ఉంటాయి. వేళ్లు నేలని పట్టుకున్నప్పుడు, ఎగుడుదిగుడు నేల మీద పాదం సర్దుకున్నప్పుడు, ఎక్కినప్పుడు, దూకినప్పుడు వాటికి పని పడుతుంది. గట్టి సోల్ మీద ఆ పని బూటే చేసేస్తుంది. అందుకే నేను ఇచ్చే సలహా ఎప్పుడూ ఒకటే: ఇంట్లో వట్టి కాళ్లతో ఉండనివ్వండి. శుభ్రమైన గడ్డి, ఇసుక దొరికితే అక్కడా సరే. మెట్లెక్కడం, గట్టు మీద నడవడం, ఒంటికాలి మీద నిలబడడం, కింద పడిన గుడ్డని వేళ్లతో పట్టి లేపడం, ఇవన్నీ ఆటలే. రోజూ ఇన్నిసార్లు అని లెక్కపెట్టి చేయించే వ్యాయామం మూడేళ్ల పిల్లాడికి అక్కర్లేదు, చేయడు కూడా.

బయటికి వెళ్లేటప్పుడు పాదరక్షలు వేయాల్సిందే. గాజు ముక్కలు, ముళ్లు, వేడి నేల నుంచి కాపాడడానికే అవి. వేళ్ల దగ్గర వెడల్పుగా ఉండాలి, సోల్ పలచగా ఉండి వేళ్లు వంగే చోటే వంగాలి, మడమ ఎత్తు ఉండకూడదు, పట్టీతోనో లేసుతోనో పాదానికి పట్టి ఉండాలి. జారిపోయే చెప్పుల్ని పట్టుకోవడానికి పిల్లలు వేళ్లు ముడుచుకుని నడుస్తారు, అది మంచిది కాదు.

సైజు విషయంలో చాలామంది పొరబడతారు. బూటు వేశాక పైనుంచి బొటనవేలు నొక్కి చూస్తే పిల్లలు వేలు ముడుస్తారు, ఖాళీ ఉన్నట్టే అనిపిస్తుంది. దాని బదులు లోపలి సోల్ బయటికి లాగి నేల మీద పెట్టి, దాని మీద బాబుని బరువేసి నిలబెట్టండి. ముందు ఒక సెంటీమీటరు పైన ఖాళీ మిగలాలి, పక్కలకి పాదం పొంగి బయటికి రాకూడదు. నా గదిలో ఇలా చేసినప్పుడు చిటికెన వేలు మొత్తం సోల్ దాటి బయటికి వచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. పిల్లాడు ఏడవలేదు కదా సరిపోయిందిలే అనుకున్నారు తల్లిదండ్రులు. ఈ వయసులో పాదం ఎంత మెత్తగా ఉంటుందంటే, ఇరుకు బూటులో నొప్పి పెట్టకుండానే నొక్కుకుపోతుంది. అమ్మాయిలకి ఏడాది వయసుకి, అబ్బాయిలకి ఏడాదిన్నరకి పాదం పెద్దయ్యాక ఉండే పొడవులో సగానికి వచ్చేస్తుంది. అంత వేగంగా పెరిగే పాదానికి రెండు మూడు నెలలకోసారి సైజు చూసుకోవాల్సిందే. అన్నయ్య వాడి వదిలేసిన బూట్లు తమ్ముడికి వేయొచ్చా అని అడుగుతుంటారు. సోల్ ఒక పక్కకి అరిగి ఉంటే వద్దు, బాగుంటే పర్వాలేదు.

తొందరగా నిలబెట్టడం వల్ల అయ్యిందా

కాదు. బిడ్డ తనంతట తాను పట్టుకుని లేచి నిలబడితే కాళ్లు వంగిపోవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లలు 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా సొంతంగా నడవవచ్చు. తొమ్మిది నెలలకి నడిచిన బిడ్డా మామూలే, పదహారు నెలలకి నడిచిన బిడ్డా మామూలే. 18 నెలలు నిండినా నడవకపోతే డాక్టరుకి చూపించాలి.

చక్రాల వాకర్ సంగతి వేరు. అది నడకని త్వరగా నేర్పదు, కొందరిలో ఆలస్యం కూడా చేస్తుంది. అంతకంటే ముఖ్యంగా మెట్ల మీద నుంచి పడి తలకి దెబ్బలు తగులుతాయి. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. ఇంట్లో మళ్లీ చిన్నబిడ్డ పుడితే వాకర్ కొనకండి. పసిబిడ్డని గుడ్డలో చుట్టేటప్పుడు కూడా కాళ్లు బిగించి నిటారుగా చుట్టొద్దు. తుంటి కీలు సరిగ్గా కూర్చోవాలంటే కాళ్లు ఎడంగా మడుచుకునే వీలుండాలి.

పడిపోవడం గురించి

మూడేళ్ల పిల్లలు పడతారు. నడక పూర్తిగా పెద్దవాళ్ల తీరుకి రావడానికి దాదాపు ఏడేళ్లు పడుతుంది. పైగా పాదాలు లోపలికి తిరిగినప్పుడు అలసిపోయిన సాయంత్రాల్లో ఒక కాలికి ఇంకో కాలు తగిలి ఇంకొంచెం ఎక్కువ పడతారు. ఎన్నిసార్లు పడుతున్నాడని లెక్కపెట్టకండి. పోయిన నెలల కంటే ఇప్పుడు ఎక్కువ పడుతున్నాడా, నిన్నటిదాకా ఎక్కిన మెట్లు ఇవాళ ఎక్కలేకపోతున్నాడా అన్నది చూడండి. ఒకప్పుడు వచ్చిన పని మళ్లీ పోవడం ఎప్పుడూ మామూలు విషయం కాదు.

ఇంకో చిన్న పరీక్ష. బాబుని నేల మీద కూర్చోబెట్టి లేవమనండి. చేతులు ముందుగా నేల మీద, తర్వాత మోకాళ్ల మీద, తర్వాత తొడల మీద ఆనించి తన ఒంటి మీద తానే పాకినట్టు పైకి లేస్తుంటే తొడ, తుంటి కండరాలు బలహీనంగా ఉన్నాయేమో చూడాలి. ముఖ్యంగా మగపిల్లల్లో, అందులోనూ పిక్కలు లావుగా గట్టిగా ఉంటే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకి చెప్పండి. ఇది అరుదు, కానీ త్వరగా కనిపెడితే మేలు.

ఎప్పుడు ఆగకూడదు

ఒక కాలు ఒకలా, ఇంకో కాలు ఇంకోలా ఉంటే. అన్నిటికంటే పైన దీన్ని పెడతాను. రెండున్నరేళ్ల పాప ఒకామె వచ్చింది, ఎడమ కాలు దాదాపు నిటారుగా ఉంది, కుడి మోకాలు అడుగు వేసిన ప్రతిసారీ బయటికి తోసుకొస్తోంది. త్వరగా నడిచిన, కాస్త బొద్దుగా ఉన్న పాప. ఎక్స్‌రేలో మోకాలి కింద ఎముక లోపలివైపు సరిగ్గా ఎదగడం లేదని తెలిసింది. బ్లౌంట్ జబ్బు అంటారు దీన్ని. అది వేచి చూస్తే ముదురుతుంది. చిన్న వయసులోనే వచ్చారు కాబట్టి కాలిని పట్టి ఉంచే బ్రేస్ వేసి చూసే వీలు దొరికింది.

రెండేళ్లు దాటినా దొడ్డికాళ్లు తగ్గకుండా ఎక్కువవుతుంటే రికెట్స్ ఉందేమో చూడాలి. విటమిన్ డి గానీ, కాల్షియం గానీ తక్కువై ఎముక మెత్తబడే స్థితి ఇది. మణికట్టు, చీలమండల దగ్గర ఎముక ఉబ్బినట్టు ఉంటుంది, పిల్లలు వయసుకి తగ్గ ఎత్తు ఉండరు, నడక ఆలస్యమవుతుంది. రక్తపరీక్ష, ఒక ఎక్స్‌రేతో తెలిసిపోతుంది. మందులు సరిగ్గా వాడితే చాలామంది పిల్లల కాళ్లు ఆపరేషన్ లేకుండానే నెలల తరబడి మెల్లగా నిటారవుతాయి. ఇలాంటి పిల్లలకి పరీక్ష చేయించకుండా బూట్లు కొనడం అంటే అసలు జబ్బుని వదిలేయడమే. తల్లిపాల మీదే ఉన్న పసిపిల్లలకి రోజుకి 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వేయమని వైద్యులు చెప్పేది ఇందుకే.

ఇవి కాక, మూడేళ్లు దాటినా ఎప్పుడూ మునివేళ్ల మీదే నడవడం, మడమ నేలకి ఆనించమన్నా ఆనించలేకపోవడం. ఎనిమిదేళ్లు దాటినా మోకాళ్లు బాగా తాకుతూనే ఉండడం. పాదంలో నొప్పి అని ఆట మానేయడం. ఒక కాలు పొట్టిగా అనిపించడం, కుంటడం. జ్వరం ఉండి, ఉన్నట్టుండి కాలు కింద పెట్టనంటే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కీలులో చీము పడితే గంటలు కూడా విలువైనవే.

రాత్రిపూట కాళ్లు లాగుతున్నాయని ఏడవడం ముందుముందు రావచ్చు కాబట్టి అదీ చెప్తాను. రెండు కాళ్లలో, పిక్కల్లో, తొడల్లో వచ్చి, కాసేపు రుద్దితే తగ్గి, పొద్దున్నే ఏమీ ఎరగనట్టు పరిగెడితే భయం లేదు. ఎప్పుడూ ఒకే చోట, ఒకే కాలికి వస్తుంటే, వాపు, కుంటడం, జ్వరం, బరువు తగ్గడం ఉంటే చూపించాలి.

ఇప్పుడు మీరు చేయవలసింది

ఒక ఫొటో తీయండి. నిక్కరు మోకాళ్ల పైకి మడిచి, బాబుని నేరుగా నిలబెట్టి, మోకాలి చిప్పలు కెమెరా వైపు ఉండేలా చూసి, ఫోన్ అతని మోకాళ్ల ఎత్తులో పట్టుకుని ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. పైనుంచి తీస్తే కాళ్లు లేని వంకర చూపిస్తాయి. నడుస్తున్న చిన్న వీడియో కూడా, వట్టి కాళ్లతో. ఆరు నెలలకోసారి అదే చోట, అదే ఎత్తు నుంచి మళ్లీ తీయండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు. ఎప్పుడైనా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ ఫొటోలు వాళ్లకి చాలా ఉపయోగపడతాయి, అనవసరమైన ఎక్స్‌రేలు తప్పుతాయి.

బాబు ముందు అతని కాళ్ల గురించి మాట్లాడుకోవద్దు. మూడేళ్లకి అన్నీ అర్థమవుతాయి. "సరిగ్గా నడువు" అని మాటిమాటికీ విని పరిగెత్తడానికే వెనకాడే పిల్లల్ని చూశాను. వాళ్ల కాళ్లకి కావలసింది ఆ పరుగే.

ఆ బూట్లు ఇప్పటికే కొనేసి ఉంటే పారేయాల్సిన పని లేదు. సైజు సరిపోయి, వేళ్లు ఒరుసుకోకుండా ఉంటే లోపలి ఆర్చ్ ముక్క తీసేసి బయటికి వెళ్లేటప్పుడు వేయండి. ఇంటికి రాగానే విప్పేయండి. వేసుకోనని ఏడిస్తే మాత్రం బలవంతం చేయొద్దు, ముందు పాదం మీద ఎర్రగా కందిన మచ్చలున్నాయేమో చూడండి.